ఎడిసన్‌లో ఒక ఇల్లు, ముప్పై ఆరేళ్ళ నంబరు: ల్యాండ్‌లైన్ నుంచి ఇంటర్నెట్ ఫోన్‌కు మార్చిన ఒక కేసు

2024 మార్చిలో ఒక సోమవారం సాయంత్రం డల్లాస్ నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, ఎడిసన్‌లో అమ్మ ఇంటి ల్యాండ్‌లైన్ తీసేయమని ఫోన్ కంపెనీకి చెప్పేశాను. శుక్రవారం కట్ చేస్తారట. నంబరు మాత్రం ఇంటర్నెట్ ఫోన్‌లోకి రావాలి. ఒకసారి అప్లై చేస్తే తిరిగొచ్చింది, ఎందుకో చెప్పడం లేదు. మీరే ఎలాగైనా చూడాలి" అన్నాడు ఆ అబ్బాయి. నేను అతని మాటల్లో మిగతాదంతా వదిలేసి శుక్రవారం అన్న ఒక్క మాటనే పట్టుకున్నాను, ఎందుకంటే నంబరును కొత్త చోటికి తీసుకువెళ్ళడానికి ముందే పాత లైన్‌ను తీసేస్తే, ఆ తరువాత పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

నేను ఎడిసన్ ఉన్న సెంట్రల్ న్యూజెర్సీలో ఇళ్ళకు, చిన్న ఆఫీసులకు ఫోన్, నెట్‌వర్క్ వైరింగ్ పనులు చేస్తాను. ల్యాండ్‌లైన్ నంబరును ఇంటర్నెట్ ఫోన్‌కు మార్చే పని నెలకు రెండు మూడైనా వస్తుంది. వాటిలో చాలావరకు ఒక ఫారం, ఒక వారం ఎదురుచూపుతో ముగిసిపోతాయి. ఈ కేసు అలా ముగియలేదు. దాదాపు నెల రోజులు పట్టింది, రెండు తిరస్కారాలు వచ్చాయి, ఇంట్లో ఆ లైన్ మీద ఆధారపడి ఉన్న వస్తువులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఇలాంటి పనిలో ఎదురయ్యే చిక్కులన్నీ ఒకే ఇంట్లో కనిపించాయి కాబట్టి, ఆ కుటుంబం అనుమతితో, పేర్లూ నంబరూ లేకుండా, జరిగింది జరిగినట్టుగా రాస్తున్నాను.

ఆ ఇల్లు 1988లో కొన్నది. అప్పుడు ఆ నంబరుకు ముందు 201 ఉండేది. 1991లో ఆ ప్రాంతానికి 908 వచ్చింది, 1997లో దాన్ని మళ్ళీ విడదీసి 732 చేశారు. ముందరి మూడంకెలు రెండుసార్లు మారినా వెనకటి ఏడంకెలు అవే నిలిచాయి. గుంటూరు, తెనాలి బంధువుల డైరీలలో ఈ నంబరు రెండుసార్లు కొట్టివేసి మూడోసారి రాసి ఉంటుందని ఆ అబ్బాయి తల్లి, నేను పిన్నిగారు అని పిలిచే ఆవిడ, చెప్పారు. మందుల షాపు, ఆసుపత్రి, బ్యాంకు, గుడి, మెడికేర్ కాగితాలు, అన్నిచోట్లా ఇదే నంబరు. భర్త పోయి నాలుగేళ్ళయింది, ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. సెల్‌ఫోన్ ఉంది కానీ అది ఎప్పుడూ చేతిసంచీలోనే ఉంటుంది. ఇప్పుడు కొత్త నంబరు తీసుకుంటే 2001లో ఆ ప్రాంతానికి అదనంగా ఇచ్చిన 848 కూడా రావచ్చు. ఆ మూడంకెలు చూసి మన ఇల్లని ఎవరు గుర్తుపడతారు అన్నది ఆవిడ ప్రశ్న.

మార్చాల్సిన అవసరం మాత్రం నిజమైనదే. వాన పడిన ప్రతిసారీ లైన్‌లో గరగరమనే చప్పుడు వస్తోంది, అంటే వీధిలో ఎక్కడో రాగితీగ జోడీలోకి నీరు దిగుతోంది. రెండుసార్లు ఫిర్యాదు చేస్తే రెండుసార్లూ ఎండ కాసిన రోజున మనిషి వచ్చి, లైన్ బాగానే ఉందని రాసి వెళ్ళిపోయాడు. పైగా ఈ ఒక్క లైన్‌కూ, దాని మీద నడిచే నెమ్మదైన డీఎస్ఎల్ ఇంటర్నెట్‌కూ కలిపి వచ్చే బిల్లు ఏటేటా పెరుగుతోంది.

ముందు శుక్రవారాన్ని ఆపడం

మంగళవారం పొద్దున పిన్నిగారిని, కొడుకును, నన్ను కలిపి మూడు వైపుల కాల్ పెట్టుకొని పాత ఫోన్ కంపెనీతో మాట్లాడాము. ఖాతా పిన్నిగారి పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ లైన్‌లో ఉండి తీరాలి. మొదట తీసుకున్న ఉద్యోగి, ఆర్డర్ సిస్టంలోకి వెళ్ళిపోయింది, ఇక ఆపలేము అన్నాడు. అది సరైన జవాబు కాదు. గడువు తేదీ రాని డిస్‌కనెక్ట్ ఆర్డర్‌ను రద్దు చేయవచ్చు, కాకపోతే అది వేరే విభాగం చేసే పని. ఇంకో ఇద్దరి చేతులు మారాక, యాభై నిమిషాలకు, రద్దు చేశామని ఒక నిర్ధారణ నంబరు ఇచ్చారు. అది రాసుకొని, గురువారం మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేసి ఆ ఆర్డర్ నిజంగానే లేదని ఖాయం చేసుకున్నాము. ఆ రెండో ఫోన్ దండగ అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ రద్దయిందని చెప్పిన ఆర్డర్ ప్రకారమే లైన్ తీసేసిన సందర్భాన్ని నేను ఒకసారి చూశాను, అందుకే ఆ ఫోన్ ఎప్పుడూ మానను.

లైన్ తీసేసినంత మాత్రాన ఆ నంబరు మరుసటి రోజే ఇంకొకరికి వెళ్ళిపోదు. ఇళ్ళ నంబర్లను కనీసం 45 రోజులు, గరిష్ఠంగా 90 రోజులు పక్కన పెట్టి ఉంచాలని ఎఫ్‌సీసీ (అమెరికాలో ఫోన్ కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నియమం ఉంది. ఆ గడువులో అడిగితే పాత కంపెనీ తిరిగి లైన్ ఇచ్చి నంబరును బతికించవచ్చు, కానీ ఇచ్చి తీరాలని పట్టుబట్టే అవకాశం మనకు లేదు. నంబరును మార్చమని అడిగే హక్కు లైన్ పనిచేస్తున్నంతకాలమే బలంగా ఉంటుంది. కొత్త కంపెనీ నంబరును తీసుకున్నప్పుడు పాత వాయిస్ లైన్ దానంతటదే ముగుస్తుంది కాబట్టి, తీసేయమని విడిగా చెప్పాల్సిన పనే లేదు. ఆ అబ్బాయి చేసినది చాలామంది చేసేదే: అద్దె ఇల్లు మారేటప్పుడు పాతది ఖాళీ చేసి కొత్తదానిలోకి వెళతాము కదా అన్న అలవాటు ఇక్కడ కూడా పనిచేస్తుందని అనుకున్నాడు.

నంబరు ఎక్కడ ఉంటుంది

పిన్నిగారు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "తీగ తీసేస్తే నంబరు ఎట్లా ఉంటుంది నాయనా?" అన్నారు. ఒకప్పుడు ఆవిడ అనుమానం సరైనదే. నంబరులో మొదటి ఆరంకెలు ఫలానా ఎక్స్చేంజ్‌లోని ఫలానా స్విచ్‌ను సూచించేవి, చివరి నాలుగంకెలు ఆ స్విచ్‌లో మన ఇంటి జోడీని సూచించేవి. నంబరంటే తీగకు చిరునామా. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఈ ముడిని విప్పింది. కంపెనీ మారినా అదే ప్రాంతంలో ఉన్నంతవరకు నంబరును వెంట తీసుకుపోయే వీలు కల్పించాలని ఆ చట్టం ఆదేశించింది. దానికోసం కంపెనీలన్నిటికీ ఒక ఉమ్మడి డేటాబేసు ఏర్పడింది. మారిన ప్రతి నంబరుకూ ఎదురుగా, దాన్ని ఇప్పుడు చూసుకుంటున్న స్విచ్ తాలూకు పదంకెల రూటింగ్ నంబరు అందులో ఉంటుంది. ఎవరైనా మనకు ఫోన్ చేస్తే నెట్‌వర్క్ ముందు ఆ వివరం చూసి, తరువాతే కాల్‌ను పంపుతుంది. ఆ డేటాబేసు నిర్వహణ 2018లో న్యూస్టార్ చేతి నుంచి ఐకనెక్టివ్ చేతికి మారింది. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలకు కూడా నంబరు మార్పిడి బాధ్యతలు వర్తిస్తాయని ఎఫ్‌సీసీ 2007లో తేల్చింది.

అంటే మేము చేసే పనంతా చివరికి ఆ డేటాబేసులో ఒక్క పంక్తి మార్పించడమే. ఆ పంక్తి మారాలంటే, ఈ నంబరు నిజంగా ఈవిడదే, ఈవిడే మార్చమంటున్నారు అని పాత కంపెనీ ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకోవడానికి చూసేది వాళ్ళ దగ్గరున్న రికార్డును. మన దగ్గరున్న బిల్లు, మనకు తెలిసిన పేరు, మనం రాసిన చిరునామా, ఇవేవీ కొలమానం కావు. వాళ్ళ రికార్డులో ఏముందో అది అక్షరం పొల్లుపోకుండా మన ఫారంలో ఉండాలి. నా అనుభవంలో తిరస్కారాలన్నీ దాదాపు ఇక్కడే పుడతాయి, సాంకేతిక కారణం వల్ల ఆగినవి చాలా తక్కువ.

ప్రాంతం విషయం కూడా మరిచిపోకూడదు. ప్రతి నంబరూ ఒక రేట్ సెంటర్‌కు, అంటే కాల్ ధరల లెక్క కోసం ఫోన్ కంపెనీలు గీసుకున్న ఒక ప్రాంతానికి, చెందుతుంది. కొత్త కంపెనీకి, లేదా ఆ కంపెనీ వెనక నిలిచి నంబర్లు మోసే టోకు కంపెనీకి, ఆ రేట్ సెంటర్‌లో సేవ ఉంటేనే నంబరు వెళుతుంది. ఎడిసన్ లాంటి పట్టణంలో ఇది సమస్య కాదు. కొత్త కంపెనీ సైట్‌లో నంబరు కొట్టి చూస్తే మార్చవచ్చనే వచ్చింది. కొండల్లోని చిన్న ఊళ్ళ నంబర్లకు మాత్రం ముందు ఇదే చూడాలి.

ఆ లైన్ మీద ఏమేం ఆధారపడి ఉన్నాయి

బుధవారం ఇంటికి వెళ్ళాను. నా పద్ధతి ప్రకారం ఫారం జోలికి పోకుండా ముందు ఇల్లంతా తిరిగాను. ఫోన్ జాక్ ఉన్న ప్రతి గోడనూ చూశాను, బేస్‌మెంట్‌లో తీగలు ఎటు పోతున్నాయో వెంబడించాను.

వంటింటి గోడకు గోధుమరంగు ఫోన్ ఒకటి ఉంది, సాగి సాగి నేలను తాకుతున్న చుట్టల తీగతో. దాని పక్కన పసుపు మరకలున్న అట్టముక్క మీద తెలుగులో నంబర్లు రాసి ఉన్నాయి: అన్నయ్య, డాక్టరు, గుడి, తెనాలి అక్క. పడకగదిలో ఒక ఫోన్, హాల్లో ఒకటి, బేస్‌మెంట్‌లో ఒకటి. హాల్లో టీవీ వెనక డీఎస్ఎల్ మోడెమ్. పడకగది బల్ల మీద, కింద పడితే మెడలోని మీట నొక్కగానే సహాయం పిలిచే పెట్టె. దాని తీగ కూడా ఫోన్ జాక్‌లోకే వెళుతోంది. బేస్‌మెంట్ మెట్ల కింద దొంగల అలారం ప్యానెల్. ఇంట్లో ఎవరు ఫోన్ మాట్లాడుతున్నా లైన్‌ను తాను లాక్కోగలిగేలా దాన్ని మిగతా ఫోన్లన్నిటికంటే ముందు కలిపారు. ఈ ప్యానెల్ సంగతి కొడుకుకు గుర్తే లేదు. అతడు తనంతట తాను శుక్రవారం లైన్ తీయించి ఉంటే, పడకగదిలోని పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూనే ఉండేది, మీట నొక్కితే మాత్రం ఎవరూ పలికేవారు కాదు. నంబరు పోతే బాధ, ఇది మాత్రం ప్రమాదం. ఇలాంటి పని ఒప్పుకున్నవాడు అన్నిటికంటే ముందు వెతకవలసినది దీన్నేనని నేను గట్టిగా నమ్ముతాను.

అలారం కంపెనీతోనూ, మెడ మీట కంపెనీతోనూ మాట్లాడి, రెండిటినీ సెల్ నెట్‌వర్క్ మీద పనిచేసే రకానికి మార్పించాము. ఇంటర్నెట్ ఫోన్ మీద కూడా కొన్ని పాత ప్యానెళ్ళు పనిచేస్తాయి. కానీ అవి పంపే శబ్ద సంకేతాలు ప్యాకెట్లుగా మారే దారిలో చెడిపోయే అవకాశం ఉంది, పైగా ఇంట్లో కరెంటు పోతే అసలే పోతాయి. వృద్ధురాలు ఒంటరిగా ఉండే ఇంట్లో ఆ పందెం కట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఇవి మారి, పరీక్షా సంకేతం వాళ్ళ కేంద్రానికి చేరిందని చెప్పించుకున్న తరువాతే నంబరు పని మొదలుపెట్టాము. దానికి వారం పట్టింది.

ఆ వారంలోనే కేబుల్ ఇంటర్నెట్ పెట్టించాము. డీఎస్ఎల్ కూడా అదే రాగి జోడీ మీద ఉంది కాబట్టి, నంబరు వెళ్ళిన రోజే ఇంటర్నెట్ కూడా పోతుంది, ఇంటర్నెట్ లేకపోతే ఇంటర్నెట్ ఫోన్ ఎక్కడిది? కొత్త ఇంటర్నెట్ వచ్చి, నాలుగు రోజులు నిలకడగా నడిచాక, డీఎస్ఎల్ ఒక్కదాన్నే తీసేయమని, వాయిస్ లైన్‌ను ముట్టుకోవద్దని విడివిడిగా చెప్పి ఆర్డర్ పెట్టించాము. మాటకు అవసరమయ్యే వేగం చాలా చిన్నది. మామూలు నాణ్యతగల ఒక కాల్‌కు ఒక్కో వైపు 64 కిలోబిట్లు, ప్యాకెట్ల పైభారం కలుపుకుంటే 90 లోపు. వేగం కంటే నిలకడ ముఖ్యం. ప్యాకెట్లు ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా వస్తుంటే మాట ముక్కలవుతుంది.

కాగితం పని, రెండు తిరస్కారాలు

కొడుకు అంతకుముందు పెట్టిన దరఖాస్తు ఎందుకు తిరిగొచ్చిందో తెలుసుకోవడానికి, పాత కంపెనీ నుంచి కస్టమర్ సర్వీస్ రికార్డు అడిగాము. ఆ ఖాతాలో ఏ నంబర్లు, ఏ సేవలు, ఏ చిరునామా, ఏ అడ్డంకులు ఉన్నాయో చూపే కాగితం అది. ఖాతాదారు అడిగితే ఇస్తారు. అది చేతికి రాగానే కారణం కనిపించింది. ఆ కంపెనీ ఖాతా నంబరు అంటే ఫోన్ నంబరు పదంకెలు, దాని వెనక మూడంకెల కస్టమర్ కోడ్. నంబరు అదే ఉండి మనిషి మారినప్పుడు ఆ మూడంకెలు మారతాయి. నాలుగేళ్ళ క్రితం ఖాతాను తండ్రి పేరు నుంచి తల్లి పేరుకు మార్చినప్పుడు అవి మారిపోయాయి. కొడుకు తన దగ్గర స్కాన్ చేసి పెట్టుకున్న తండ్రి కాలపు బిల్లు చూసి పాత మూడంకెలు రాశాడు. పదమూడంకెల్లో పది సరిపోయాయి, మూడు సరిపోలేదు, దరఖాస్తు తిరిగొచ్చింది. జిప్ కోడ్ విషయంలో కూడా ఒక మెలిక ఉంది. బిల్లు డల్లాస్‌కు వెళుతోంది, లైన్ ఎడిసన్‌లో ఉంది. రికార్డులో ఏ గడిలో ఏది ఉందో చూసి, మేము అలాగే రాశాము.

ఇంటి లైన్ సాదాసీదాగా ఒక్కటే ఉంటే దాని నంబరు మార్పిడిని ఎఫ్‌సీసీ సింపుల్ పోర్ట్ (సులువైన మార్పిడి) అంటుంది. దాన్ని సరిచూడడానికి పాత కంపెనీ ఫోన్ నంబరు, ఖాతా నంబరు, జిప్ కోడ్, పెట్టుకొని ఉంటే పాస్‌కోడ్, ఈ నాలుగింటినే ఆధారం చేసుకోవాలి. ఒక్క పనిదినంలో వదలాలని 2009లో నియమం వచ్చింది. డీఎస్ఎల్ లాంటి రెండో సేవ ఉంటే అది సింపుల్ కాదు, గడువు పెరుగుతుంది. డీఎస్ఎల్‌ను ముందే విడదీయడానికి ఇది రెండో కారణం. పాత బిల్లు బాకీ ఉందన్న కారణంతో నంబరును ఆపడానికి వీల్లేదు. బాకీ వేరుగా వసూలు చేసుకుంటారు. ఇది తెలియక అనవసరంగా భయపడేవారు కొందరు ఉన్నారు.

ఇంత చూసుకొని నేను పెట్టిన దరఖాస్తు కూడా తిరిగొచ్చింది. తప్పు నాదే. సర్వీస్ రికార్డు రెండో పేజీలో, అంతగా అర్థంకాని కోడ్‌ల మధ్య, ఇంకో ఫోన్ నంబరు ఉంది. అది కొడుకు హైస్కూల్లో ఉన్నప్పుడు పెట్టించుకున్న నంబరు. అదే లైన్ మీద, ఆ నంబరుకు వచ్చిన కాల్ వేరే రకంగా, రెండు చిన్న గంటలుగా మోగుతుంది. తరువాత ఇరవై అయిదేళ్ళు దాని ఊసే లేదు, నెలనెలా మాత్రం కడుతూనే ఉన్నారు. ఒకే లైన్ మీద రెండు నంబర్లున్నప్పుడు ఒక్కదాన్నే పంపమంటే, మిగిలినదాన్ని ఏం చేయాలని పాత కంపెనీ ఆపేస్తుంది. మొదటి పేజీ చదివి సరిపెట్టుకున్నందుకు అయిదు రోజులు నష్టపోయాము. కొడుకు ఆ రెండో నంబరును వదిలేస్తానన్నాడు. దాన్ని తీసేయమని ఆర్డర్ పెట్టి, అది పూర్తయిందని తెలిసేదాకా ఆగాము, ఎందుకంటే ఖాతా మీద ఏ ఆర్డర్ పెండింగ్‌లో ఉన్నా పోర్ట్ దరఖాస్తు మళ్ళీ తిరిగొస్తుంది.

మూడో దరఖాస్తుతో ఖరారు తేదీ వచ్చింది, ఆరు పనిదినాల తరువాత గురువారం. సింపుల్ పోర్ట్‌కు ఒక్క రోజు అన్న నియమం పాత కంపెనీ వదలడానికి సంబంధించినది. చిల్లరగా అమ్మే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ తన వెనక ఉన్న టోకు కంపెనీకి కాగితం పంపి, వాళ్ళు పాత కంపెనీకి పంపే దారిలో మిగతా రోజులు గడుస్తాయి.

ఆ గురువారం

మామూలు ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే చిన్న అడాప్టర్‌ను కొత్త కంపెనీ పంపింది, దాన్ని వారం ముందే రౌటర్‌కు కలిపి, వాళ్ళిచ్చిన తాత్కాలిక నంబరుతో నడిపి చూశాము. మొదటి రోజే లోపం తెలిసింది. అవతలివాళ్ళ మాట పిన్నిగారికి బాగా వినిపిస్తోంది, ఆవిడ మాట వాళ్ళకు చేరడం లేదు. ఇది రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం చేసే మేలు కాని మేలు: కాల్‌కు సహాయం చేయబోయి, ప్యాకెట్లలోని చిరునామాలను మార్చేస్తుంది. దాన్ని ఆపగానే సరిపోయింది. నంబరు వచ్చిన రోజున ఇది బయటపడి ఉంటే అందరూ నంబరు మార్పిడినే తప్పుపట్టేవారు.

ఇంటి బయటి గోడ మీద బూడిదరంగు డబ్బా ఒకటి ఉంటుంది. వీధి తీగ ఇంటి తీగలను కలిసేది అందులోనే. ఇంట్లోని పాత జాక్‌లన్నిటిలోకీ అడాప్టర్ నుంచి డయల్ టోన్ పంపాలంటే, ముందు అక్కడ ఇంటి తీగలను వీధి తీగ నుంచి పూర్తిగా విడదీయాలి. పాత లైన్‌లో ఎక్స్చేంజ్ నుంచి 48 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, గంట మోగేటప్పుడు దాదాపు 90 వోల్టుల ఏసీ వస్తుంది. అది ఎదురు వస్తే అడాప్టర్ కాలిపోతుంది. ఉదయం తొమ్మిదికి ఆ డబ్బా తెరిచి, లోపలి చిన్న ప్లగ్ తీసి, ఆ ఖాళీలో ఒక మామూలు ఫోన్ పెట్టాను. పాత లైన్ ఇంకా బతికే ఉంది. లోపల అడాప్టర్ ద్వారా ఇల్లంతా కొత్త టోన్. ఈ రెండు చోట్లా ఫోన్లు ఉంచడానికి కారణం, మార్పిడి సమయంలో కొన్ని కాల్స్ పాత దారిలో, కొన్ని కొత్త దారిలో రావచ్చు.

పదకొండు దాటాక నా సెల్‌ఫోన్ నుంచి చేశాను. బయట నా చేతిలో ఉన్న ఫోన్ మోగలేదు. లోపలి నుంచి, వంటింట్లో ఆ పాత గంట వినిపించింది. పిన్నిగారు తీసి "హలో, ఎవరండీ?" అన్నారు. చేతిలోని ఫోన్ ఎత్తి చూస్తే అందులో ఇంకా టోన్ ఉంది, కానీ అది ఇక ఎవరి నంబరూ కాదు. సాయంత్రానికి అది కూడా ఆగిపోయింది.

గంట మాత్రం నీరసంగా మోగింది. పాత ఫోన్లలో గంట కొట్టే బలాన్ని లైనే ఇవ్వాలి. ఎక్స్చేంజ్ నాలుగైదు గంటలను సులువుగా కొడుతుంది, చిన్న అడాప్టర్ కొట్టలేదు. బేస్‌మెంట్‌లోదీ హాల్లోదీ తీసేసి, వాటి స్థానంలో ఒకే బేస్ ఉన్న కార్డ్‌లెస్ సెట్ పెడితే వంటింటి ఫోన్ పాత గొంతుతో మోగింది. దాన్ని మార్చమని ఎవరూ ఆవిడను అడగలేదు.

911, కరెంటు, పేరు

మొదట్లోనే నేను పట్టుబట్టిన సంగతి 911. రాగి లైన్‌లో చిరునామా ఫోన్ కంపెనీ రికార్డు నుంచే అత్యవసర కేంద్రానికి చేరేది. ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు 911 ఇవ్వాలని ఎఫ్‌సీసీ 2005లో ఆదేశించింది, కానీ చిరునామా మనం నమోదు చేసినదే వెళుతుంది. ఈ ఖాతా డబ్బు డల్లాస్ నుంచి కడుతున్నారు. నమోదు చేసేటప్పుడు కొడుకు సైట్‌లో తన చిరునామానే నింపాడు. అలాగే వదిలేసి ఉంటే ఎడిసన్‌లో ఆవిడ 911 నొక్కితే అక్కడివాళ్ళకు కనిపించేది టెక్సాస్ ఇల్లు. సరిచేసి, ఆ కంపెనీ ఇచ్చిన 933 నంబరుకు ఫోన్ చేస్తే నమోదైన చిరునామాను చదివి వినిపించింది. అది పిన్నిగారిచేతనే చేయించాను.

కరెంటు సంగతి దగ్గర ఆవిడ నన్ను నిలదీశారు. 2012 అక్టోబరు చివర శాండీ తుపాను వచ్చినప్పుడు ఆ వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, ఆవిడ ఇంటి ల్యాండ్‌లైన్ మాత్రం పనిచేసిందట. వీధిలోవాళ్ళంతా వచ్చి ఆ వంటింటి ఫోన్ నుంచే ఊళ్ళకు కబురు పెట్టారు. ఈ కొత్త ఫోన్ అలా పనిచేస్తుందా అని అడిగారు. పనిచేయదు, నేను ఆ మాటే చెప్పాను. రాగి లైన్‌కు కరెంటు ఎక్స్చేంజ్ బ్యాటరీల నుంచి వచ్చేది. ఇప్పుడు మోడెమ్, రౌటర్, అడాప్టర్ మూడూ ఇంటి కరెంటు మీద ఉన్నాయి. యూపీఎస్ ఒకటి పెట్టి, గోడ ప్లగ్ పీకి చూస్తే మూడింటినీ కలిపి గంటన్నర నడిపింది. అంతకంటే ఎక్కువ సేపు కరెంటు పోతే సెల్‌ఫోనే దిక్కు కాబట్టి, దాన్ని చేతిసంచీ నుంచి తీసి వంటింటి ఫోన్ కింద ఛార్జర్ మీద పెట్టే అలవాటు చేసుకుంటానని మాట తీసుకున్నాను.

ఇది చదివి గుంటూరులోనో హైదరాబాదులోనో తల్లిదండ్రుల ఇంటి నంబరు గురించి అడిగేవారుంటారు. అక్కడి పద్ధతి వేరు. భారతదేశంలో 2011 నుంచి దేశమంతటా నడుస్తున్న నంబరు పోర్టబిలిటీ మొబైల్ నంబర్లకు మాత్రమే. ల్యాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఇలా తీసుకుపోలేము. అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కు మారేటప్పుడు పాత నంబరు ఉంచమని అడగడం మాత్రం సాధ్యమే. అక్కడ కూడా ముందు పాత కనెక్షన్‌ను సరెండర్ చేయకుండా, మార్పిడి దరఖాస్తే ఇవ్వాలి.

రెండు వారాల తరువాత పిన్నిగారు ఫోన్ చేశారు. తెనాలి అక్క కూతురు ఇక్కడే ప్రిన్స్‌టన్ దగ్గర ఉంటుంది. ఆ అమ్మాయికి పిన్నిగారు ఫోన్ చేస్తే ఇదివరకు తెర మీద పిన్నిగారి భర్త పేరు పడేదట, ఇప్పుడు ఊరి పేరు, రాష్ట్రం పేరు మాత్రమే పడుతున్నాయట. ఖాతా పేరు మార్చినా, చూపించే పేరు నాలుగేళ్ళుగా భర్తదే ఉండిపోయింది, ఎవరూ దాన్ని సరిచేయలేదు. నంబరు మారినప్పుడు ఆ పేరు దానితోపాటు వెళ్ళదు. అది వేరే డేటాబేసులోది, కొత్త కంపెనీ చేత మళ్ళీ నమోదు చేయించాలి. ఏ పేరు పెట్టమంటారు అని అడిగాను. "ఆయన పేరే ఉండనీ బాబూ, కుదిరితే" అన్నారు. కుటుంబం పెట్టుకునే పేరుకు ఆ కంపెనీ అభ్యంతరం చెప్పలేదు. కానీ ఆ పేరుకు పదిహేను అక్షరాల గడులే ఉంటాయి. ఇంటిపేరు, పేరు, మధ్యలో ఖాళీ కలిపితే ఇంగ్లీషులో పంతొమ్మిది అయ్యాయి. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా కుదించి, తక్కినది పూర్తిగా ఉంచాము. అది అన్నిచోట్లా కనిపించడానికి మరో నాలుగు రోజులు పట్టింది.